శరీరంలో నీటి సమతుల్యత – హార్మోన్ల నియంత్రణ

తాగే నీరు, తినే ఉప్పు రోజుకో తీరుగా మారుతున్నా, చెమట, మూత్రం రూపంలో పోయే నీరు గంటగంటకూ మారుతున్నా, రక్తంలో నీరు, లవణాల పాళ్లు మాత్రం చాలా ఇరుకైన హద్దుల్లోనే నిలిచి ఉంటాయి. ఈ స్థితినే జల సమతుల్యత అంటారు. మెదడు, మూత్రపిండాలు, అధివృక్క గ్రంథులు, గుండె కలిసి దీన్ని నిలబెడతాయి. వాటి మధ్య కబుర్లు మోసేవి హార్మోన్లు. వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్, గుండె విడుదల చేసే నేట్రియూరెటిక్ పెప్టైడ్లు వీటిలో ముఖ్యమైనవి.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే దక్షిణ రాయలసీమలో ఈ వ్యవస్థకు ఏటా గట్టి పరీక్ష ఎదురవుతుంది. తిరుమల మెట్లెక్కే యాత్రికులు, కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో, ఇటుక బట్టీల్లో, మామిడి తోటల్లో ఎండకు పనిచేసే కూలీలు ఆ పరీక్షను ఒంటి మీదే ఎదుర్కొంటారు. 2022 ఏప్రిల్ 4న పూర్వపు చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా వేరుగా ఏర్పడింది. ఈ వ్యాసంలో చిత్తూరు ప్రాంతం అంటే రెండు జిల్లాలూ కలిసిన ప్రాంతమే.

శరీరంలో నీటి పంపిణీ

వయసొచ్చిన పురుషుడి బరువులో సుమారు 60 శాతం, స్త్రీ బరువులో సుమారు 50 శాతం నీరే. కొవ్వులో నీరు తక్కువ కాబట్టి ఈ తేడా. 70 కిలోల మనిషిలో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు, అంటే 28 లీటర్లు, కణాల లోపల ఉంటుంది. మిగతా 14 లీటర్లు కణాల బయట ఉంటుంది. రక్తనాళాల్లో ప్లాస్మాగా తిరిగేది సుమారు 3 లీటర్లే.

చల్లటి రోజున, పెద్ద శ్రమ లేనప్పుడు శరీరంలోకి చేరే నీరు సుమారు రెండున్నర లీటర్లు. ఇందులో ఎక్కువ భాగం తాగినది, కొంత ఆహారంలోంచి వచ్చినది. ఆహారం దహనమైనప్పుడు కణాల్లోనే పుట్టే నీరు 300 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అంతే నీరు మూత్రం, ఊపిరి, చర్మం, మలం ద్వారా బయటికి పోతుంది. ఈ నాలుగు దారుల్లో హార్మోన్లు అవసరాన్నిబట్టి పెద్ద ఎత్తున తెరిచి మూయగలిగేది మూత్రం దారిని మాత్రమే.

గాఢత, పరిమాణం: రెండు వేర్వేరు లెక్కలు

శరీరం నీటి విషయంలో రెండు లెక్కలు విడివిడిగా చూస్తుంది. మొదటిది రక్తం గాఢత. దీన్ని ఆస్మోలాలిటీతో కొలుస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది కిలోకు 275 నుంచి 295 మిల్లీ ఆస్మోల్‌ల మధ్య ఉంటుంది. దీన్ని ప్రధానంగా నిర్ణయించేది సోడియం. రక్తంలో అది లీటరుకు 135–145 మిల్లీమోల్‌లు ఉండాలి. రెండోది రక్తనాళాల్లో తిరిగే ద్రవం పరిమాణం. రక్తపోటు దీని మీద ఆధారపడుతుంది.

గాఢత చెదిరితే శరీరం నీటిని పెంచుకుంటుంది లేదా తగ్గించుకుంటుంది. పరిమాణం చెదిరితే ఉప్పును సర్దుతుంది, దాని వెంట నీరు నడుస్తుంది. వాసోప్రెసిన్, దాహం మొదటి లెక్కను చూస్తాయి. రెనిన్–ఆల్డోస్టిరాన్ వ్యవస్థ, గుండె హార్మోన్లు రెండో లెక్కను చూస్తాయి. వడదెబ్బ, విరేచనాలు, సోడియం పడిపోవడం వంటి స్థితుల్లో వచ్చే చిక్కులన్నీ ఈ విభజన తెలిస్తే తేలిగ్గా అర్థమవుతాయి.

వాసోప్రెసిన్

దీనికి యాంటీ డైయూరెటిక్ హార్మోన్ (ఏడీహెచ్) అనే పేరూ ఉంది. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్ ఇది. మెదడు అడుగున ఉన్న హైపోథలామస్‌లో తయారై, నాడీ తంతువుల వెంట దిగి, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. హైపోథలామస్ దగ్గరే గాఢతను పసిగట్టే ప్రత్యేక నాడీకణాలు ఉన్నాయి. రక్తం చిక్కబడితే ఈ కణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటాయి. ఆ ముడుత వల్లే వాటిలో విద్యుత్ సంకేతం పుడుతుంది. గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా చాలు, వాసోప్రెసిన్ రక్తంలోకి విడుదలవుతుంది.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో మూడింట రెండు వంతులు నాళిక మొదటి భాగంలోనే, హార్మోన్ల ఆజ్ఞతో పెద్దగా పని లేకుండా, రక్తంలోకి తిరిగి చేరుతుంది. చివరి సేకరణ నాళాల్లో మాత్రం వాసోప్రెసిన్ మాటే చెల్లుతుంది. అది అక్కడి కణాల మీదున్న వీ2 గ్రాహకాలకు అంటుకోగానే, కణం లోపల దాగి ఉన్న ఆక్వాపోరిన్–2 అనే నీటి ద్వారాలు పైపొరకు చేరతాయి. ఆ ద్వారాల గుండా నీరు మూత్రం నుంచి వెనక్కి వస్తుంది.

హార్మోన్ పూర్తిస్థాయిలో ఉన్నప్పుడు మూత్రం 1,200 మిల్లీ ఆస్మోల్‌ల దాకా చిక్కబడి, రోజుకు అర లీటరుకు తగ్గగలదు. హార్మోన్ బొత్తిగా లేకపోతే 50 మిల్లీ ఆస్మోల్‌ల దాకా పలచబడి, రోజుకు 15 లీటర్లు కూడా దాటగలదు. రక్తంలో దీని ఆయువు నిమిషాల్లోనే ఉంటుంది కాబట్టి, నీళ్లు తాగిన గంటలోపే మూత్రం తీరు మారిపోతుంది.

రక్త పరిమాణం పదో వంతు తగ్గినా, రక్తపోటు పడిపోయినా కూడా వాసోప్రెసిన్ పెరుగుతుంది. అప్పుడు శరీరం గాఢత లెక్కను పక్కనపెట్టి, ప్రాణాన్ని నిలిపే రక్తప్రసరణకే పెద్దపీట వేస్తుంది. వాంతి వచ్చేలా ఉండటం, నొప్పి, కొన్ని మందులు కూడా దీన్ని పెంచుతాయి. మద్యం దీన్ని అణచివేస్తుంది. అందుకే ఎండాకాలంలో మద్యం తాగినవారి ఒంట్లో నీరు మరింత త్వరగా తగ్గిపోతుంది.

దాహం

మూత్రపిండాలు నీటిని పొదుపు చేయగలవు గానీ కొత్తగా తేలేవు. ఆ పని దాహానిది. స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ ఆండర్సన్ 1950ల్లో మేకల మెదడులోని హైపోథలామస్‌లోకి చిక్కటి ఉప్పునీరు చుక్కలుగా పంపగానే అవి ఆత్రంగా నీళ్లు తాగడం గమనించాడు. దాహానికి మెదడులో ప్రత్యేక స్థానం ఉందని దాంతో స్పష్టమైంది.

నీరు గొంతు దిగిన కొద్ది నిమిషాల్లోనే, అది రక్తంలో కలవకముందే దాహం తగ్గుతుంది, వాసోప్రెసిన్ కూడా దిగుతుంది. నోరు, గొంతు, జీర్ణాశయం పంపే సంకేతాలు మెదడుకు ముందే చేరడం వల్ల ఇలా జరుగుతుంది. ఈ ఏర్పాటు అతిగా తాగకుండా కాపాడుతుంది. కానీ విపరీతంగా చెమట పట్టినవారిలో పోయిన నీరంతా భర్తీ కాకముందే దాహం తీరినట్టు అనిపించడానికీ ఇదే కారణం. వయసు మళ్లినవారిలో దాహం మొద్దుబారుతుంది, మూత్రాన్ని చిక్కబరిచే శక్తీ తగ్గుతుంది. పసిపిల్లలు దాహాన్ని చెప్పుకోలేరు. వడగాడ్పుల్లో ఈ రెండు వయసుల వారికే ముప్పు ఎక్కువ.

రెనిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్

మూత్రపిండాలకు వచ్చే రక్తం ఒత్తిడి తగ్గినా, నాళికల్లోకి వచ్చే ఉప్పు తగ్గినా అక్కడి కణాలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. కాలేయం తయారుచేసిన యాంజియోటెన్సినోజన్‌ను రెనిన్ యాంజియోటెన్సిన్–1గా మారుస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల్లో ఉన్న ఏసీఈ అనే ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్–2గా మారుస్తుంది. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, దాహం రేపుతుంది, వాసోప్రెసిన్‌ను పెంచుతుంది, అధివృక్క గ్రంథి పైపొర నుంచి ఆల్డోస్టిరాన్‌ను రప్పిస్తుంది.

ఆల్డోస్టిరాన్ సేకరణ నాళాల్లో సోడియంను వెనక్కి లాగి, పొటాషియంను బయటికి పంపుతుంది. సోడియం వెంట నీరు వస్తుంది. వాసోప్రెసిన్ నిమిషాల్లో పనిచేస్తే, కొత్త ప్రొటీన్లు తయారు కావాలి కాబట్టి ఆల్డోస్టిరాన్ ప్రభావం పూర్తిగా కనిపించడానికి గంటలు పడుతుంది. ఇది చెమట గ్రంథుల మీద కూడా పనిచేస్తుంది. ఎండలో పనికి అలవాటుపడిన మనిషి చెమటలో ఉప్పు తక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఈ అలవాటు కుదరడానికి రెండు వారాల దాకా పడుతుంది. ఎండాకాలం మొదట్లో, లేదా చల్లటి ఊరి నుంచి వచ్చి పనిలో దిగిన తొలి రోజుల్లో ఎక్కువ ప్రమాదం ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

గుండె విడుదల చేసే హార్మోన్లు

1981లో కెనడాలో అడోల్ఫో డీ బోల్డ్ బృందం ఎలుకల గుండె కర్ణికల సారాన్ని ఇతర ఎలుకలకు ఎక్కించినప్పుడు వాటి మూత్రంలో ఉప్పు, నీరు ఒక్కసారిగా పెరిగాయి. గుండె రక్తాన్ని తోసే పంపు మాత్రమే కాదని, అది కూడా హార్మోన్ గ్రంథేనని దీంతో తేలింది. కర్ణికల నుంచి వచ్చేది ఏఎన్‌పీ. ప్రధానంగా జఠరికల నుంచి వచ్చేది బీఎన్‌పీ.

రక్త పరిమాణం పెరిగి గుండె గోడలు సాగినప్పుడు ఇవి విడుదలవుతాయి. రెనిన్, ఆల్డోస్టిరాన్, వాసోప్రెసిన్‌లను అణచి, ఉప్పునూ నీటినీ బయటికి పంపుతాయి. చెరువు నిండితే మొరవ పారి కట్టను కాపాడినట్టు, ఇవి రక్తనాళాలను అధిక ద్రవం నుంచి కాపాడతాయి. గుండె బలహీనపడినవారి రక్తంలో బీఎన్‌పీ బాగా పెరుగుతుంది. ఆయాసంతో వచ్చిన రోగికి గుండె జబ్బు ఉందేమో తేల్చడానికి వైద్యులు ఈ పరీక్షనే చేయిస్తారు.

తోడుగా పనిచేసే ఇతర హార్మోన్లు

అధివృక్క గ్రంథి నుంచి వచ్చే కార్టిసోల్ సాధారణంగా వాసోప్రెసిన్‌ను అదుపులో ఉంచుతుంది. కార్టిసోల్ లోపిస్తే నీరు ఒంట్లో నిలిచిపోయి సోడియం పడిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ తీవ్రంగా తగ్గినా ఇలాంటి స్థితి రావచ్చు. గర్భిణుల్లో దాహం, వాసోప్రెసిన్ మొదలయ్యే గాఢత మామూలుకన్నా సుమారు 10 మిల్లీ ఆస్మోల్‌లు తగ్గుతుంది. అందుకే గర్భంతో ఉన్నప్పుడు సోడియం కొద్దిగా తక్కువగా ఉండటం సహజం. ఇన్సులిన్ లోపించి రక్తంలో గ్లూకోజు డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే, అది మూత్రంలోకి చేరి తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. మధుమేహంలో అతిదాహం, అతిమూత్రం వచ్చేది ఇలాగే.

పరిశోధన చరిత్ర

పీయూష గ్రంథి సారం రక్తపోటును పెంచుతుందని జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ 1895లో చూపారు. 1898లో స్వీడన్‌లో రాబర్ట్ టీగర్‌స్టెట్, పెర్ బెర్గ్‌మన్ రెనిన్‌ను కనుగొన్నారు. 1913లో ఇటలీలో ఫారిని, జర్మనీలో ఫాన్ డెన్ వెల్డెన్ పీయూష సారంతో తీపి లేని అతిమూత్ర వ్యాధి ఉన్నవారి మూత్రాన్ని తగ్గించగలిగారు. రక్తం గాఢతకూ వాసోప్రెసిన్‌కూ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెర్నీ 1940ల్లో కుక్కల మీద ప్రయోగాలతో నిరూపించాడు.

ఆల్డోస్టిరాన్‌ను 1953లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టైట్ తమ సహచరులతో కలిసి వేరుచేశారు. వాసోప్రెసిన్, ఆక్సిటోసిన్ల నిర్మాణాన్ని ఛేదించి, వాటిని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ దు విన్యోకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. కణపొరల్లోని నీటి ద్వారాలను 1992లో గుర్తించిన పీటర్ ఏగ్రె 2003లో అదే బహుమతిని పంచుకున్నాడు.

తిరుమల మెట్లపై, ఎండపొద్దున

అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తున ఉంది. చాలామంది మొక్కు తీర్చుకోవడానికి మూడు నాలుగు గంటలు ఆగి ఆగి ఎక్కుతారు. ఇలాంటి ఎక్కుడు పనిలో, ఎండ బాగా ఉంటే, గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు.

ఎక్కేటప్పుడు ఒంట్లో జరిగేది వరసగా చూస్తే పై సూత్రాలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. చెమటలో ఉప్పు రక్తంలో కన్నా పలచన. అందుకే చెమట పోయేకొద్దీ మిగిలిన రక్తం చిక్కబడుతుంది. వాసోప్రెసిన్ పెరిగి మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగుకు మారుతుంది. దాహం వేస్తుంది. శ్రమలో నాడుల ప్రేరణతో రెనిన్ కూడా పెరిగి, ఆల్డోస్టిరాన్ ఉప్పును పొదుపు చేయడం మొదలవుతుంది. దాహానికి తగ్గట్టు నీళ్లు తాగుతూ, పైకి చేరాక భోజనం చేసిన ఆరోగ్యవంతుడిలో ఒకటి రెండు రోజుల్లో లెక్కంతా సరిపోతుంది.

గంటల తరబడి చెమటోడుస్తూ, ఉప్పు బొత్తిగా లేని నీరు దాహానికి మించి తాగినవారిలో మరో ప్రమాదం ఉంది. శ్రమ, నొప్పి, వికారం వల్ల వాసోప్రెసిన్ పెరిగే ఉంటుంది కాబట్టి తాగిన నీరు మూత్రంగా పోదు, సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్ పరుగు ముగించినవారిలో రక్తం ఇచ్చిన 488 మందిని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. తలనొప్పి, వాంతులు, మాట తడబాటు, మూర్ఛ దీని లక్షణాలు. వడదెబ్బ అని పొరబడి ఇంకా నీళ్లు పట్టిస్తే ప్రాణానికే ముప్పు.

గర్భిణులు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారు కాలినడకకు ముందు వైద్యుణ్ని అడగడం అవసరం. ఆ మాత్రలు ఉప్పును బయటికి పంపుతాయి. ఏసీఈని అడ్డుకునే మాత్రలు ఆపద వేళ ఒంటికి అక్కరకొచ్చే యాంజియోటెన్సిన్‌ను తగ్గిస్తాయి.

అంబలి, మజ్జిగ, ఓఆర్ఎస్

రాగి అంబలి, ఉప్పు కలిపిన పలచటి మజ్జిగ, నీళ్లలో నానిన సద్దన్నం ఈ సీమ పల్లెల్లో తరతరాల వేసవి ఆహారం. వీటిలో నీరు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఉంటాయి. పేగు గోడల్లో సోడియం, గ్లూకోజు ఒకే ప్రొటీన్ ద్వారా జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. పిండిపదార్థం అరిగి గ్లూకోజుగా మారుతుంది కాబట్టి, ఉప్పు వేసిన అంబలి ఒంటికి నీటిని అందించే మంచి సాధనం.

నోటి ద్వారా ఇచ్చే ద్రావణం, ఓఆర్ఎస్, నిలబడింది ఈ సూత్రం మీదే. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరంలో కలరా సోకినవారికి దిలీప్ మహలనబిస్ దీన్ని పెద్ద ఎత్తున వాడి, మరణాలను బాగా తగ్గించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి సూత్రం ప్రకారం లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి; మొత్తం గాఢత 245 మిల్లీ ఆస్మోల్‌లు. ప్యాకెట్టును చెప్పిన కొలతకన్నా తక్కువ నీటిలో కలిపితే ద్రావణం చిక్కబడి పసిపిల్లలకు హాని చేస్తుంది. అధిక రక్తపోటు ఉన్నవారు ఉప్పు మజ్జిగ ఎంత తాగాలో వైద్యుల సలహా తీసుకోవాలి.

రుగ్మతలు

వాసోప్రెసిన్ లోపిస్తే, లేదా మూత్రపిండాలు దాని మాట వినకపోతే తీపి లేని అతిమూత్ర వ్యాధి వస్తుంది. దీన్ని ఇన్నాళ్లూ డయాబెటిస్ ఇన్సిపిడస్ అని పిలిచారు. మధుమేహంతో పొరబడి రోగులకు హాని జరగకుండా, 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు దీనికి వాసోప్రెసిన్ లోపం, వాసోప్రెసిన్ నిరోధం అనే పేర్లు సూచించాయి. లోపానికి డెస్మోప్రెసిన్ మందు ఉంది. నిరోధానికి పుట్టుకతో వచ్చే జన్యులోపం, లేదా మానసిక వ్యాధికి చాలాకాలం వాడే లిథియం వంటివి కారణాలు.

ఇందుకు విరుద్ధంగా అవసరం లేకపోయినా వాసోప్రెసిన్ విడుదలైతే నీరు నిలిచి సోడియం పడిపోతుంది. న్యుమోనియా, మెదడు జబ్బులు, కొన్ని క్యాన్సర్లు, కొన్ని మందులు దీనికి దారితీస్తాయి. చాలాకాలంగా తగ్గి ఉన్న సోడియంను నెమ్మదిగా, రోజుకు 8 నుంచి 10 మిల్లీమోల్‌లు మించకుండా పెంచాలి. తొందరపడితే మెదడు నాడులు దెబ్బతింటాయి.

1855లో థామస్ ఆడిసన్ వర్ణించిన అధివృక్క గ్రంథి వ్యాధిలో ఆల్డోస్టిరాన్, కార్టిసోల్ రెండూ లోపిస్తాయి. ఉప్పు నిలవదు, రక్తపోటు పడిపోతుంది, చర్మం నల్లబడుతుంది. మన దేశంలో క్షయ దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. దీనికి భిన్నంగా 1955లో జెరోమ్ కాన్ వర్ణించిన వ్యాధిలో ఆల్డోస్టిరాన్ అతిగా తయారై, మందులకు లొంగని రక్తపోటు, పొటాషియం లోపం వస్తాయి.

పాముకాటు, ప్రసవ రక్తస్రావం

పొలం గట్ల మీద తిరిగే రక్తపింజర కాటు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొందరిలో పీయూష గ్రంథిలో రక్తస్రావం, రక్తపు గడ్డలు ఏర్పడి ఆ గ్రంథి చచ్చుబడుతుంది. దక్షిణ భారతం, మయన్మార్ వైద్యులు ఇలాంటి రోగులను ఎన్నోసార్లు నమోదు చేశారు. కాటు నుంచి కోలుకున్న నెలలు, ఏళ్ల తర్వాత నీరసం, రక్తపోటు తగ్గడం, సోడియం పడిపోవడం కనిపిస్తే కార్టిసోల్ పరీక్ష చేయాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన స్త్రీలలో వచ్చే షీహన్ వ్యాధి కూడా ఇలాంటిదే. పాలు పడకపోవడం, నెలసరి ఆగిపోవడం దాని తొలి సూచనలు.

పాము విషం మరోలా మేలు కూడా చేసింది. బ్రెజిల్ పాము బోత్రాప్స్ జరారాకా విషంలోని పెప్టైడ్లపై సెర్జియో ఫెరీరా 1960ల్లో చేసిన పరిశోధన, 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ అనే తొలి ఏసీఈ నిరోధక మాత్రకు దారితీసింది.

ప్రాంతీయ వైద్య సంస్థలు

1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రి తిరుపతిలో ప్రజలకు తొలి ఆధారం. తిరుమల తిరుపతి దేవస్థానం చేయూతతో 1993లో వైద్య సేవలు ప్రారంభించిన స్విమ్స్ ఆసుపత్రిలో అంతఃస్రావ గ్రంథుల విభాగం, మూత్రపిండ వైద్య విభాగం ఉన్నాయి. చిత్తూరు ప్రాంతవాసులు తరతరాలుగా రాయవేలూరు అని పిలిచే వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలకు కూడా వెళ్తుంటారు. దేశంలో తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1971లో అక్కడే జరిగింది.

ఉద్దానం: తేలని ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస తదితర మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వస్తోంది. కారణం ఇంకా తేలలేదు. మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ ఇలాంటి వ్యాధి ఉంది. ఎండలో పదేపదే ఒళ్లు ఎండిపోవడం వల్ల వాసోప్రెసిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉండి, అదే మూత్రపిండాలను నెమ్మదిగా దెబ్బతీస్తుందని కొందరు శాస్త్రవేత్తల ప్రతిపాదన. తాగునీటిలోని లోహాలు, సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రల పాత్రపై కూడా పరిశోధన సాగుతోంది. బాధితుల కోసం 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన ఆసుపత్రి, ఆ ప్రాంతానికి శుద్ధజల పథకం ప్రారంభమయ్యాయి. ఎండలో పనిచేసే రాయలసీమ కూలీల మూత్రపిండాల మీద కూడా ఇదే శ్రద్ధతో నిఘా ఉంచడం అవసరం.

నివారణ

2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. హార్మోన్లు ఎంత నేర్పుగా పనిచేసినా, తాగడానికి నీరు, తినడానికి ఉప్పు, నిలబడడానికి నీడ లేకపోతే అవి చేయగలిగింది కొంతే. పని వేళలను పొద్దునకూ సాయంత్రానికీ మార్చడం, క్వారీల్లో, బట్టీల్లో నీడను, నీటిని, విరామాన్ని హక్కుగా ఇవ్వడం, కొత్తగా పనిలో చేరినవారికి మొదటి రెండు వారాలు బరువైన పని తగ్గించడం, ఆడవాళ్లు మూత్రానికి చోటు లేక నీళ్లు మానుకోకుండా మరుగుదొడ్లు కట్టడం తప్పనిసరి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోయినట్టు. ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే నీరు చాలనట్టు. ఎండకు తిరిగిన మనిషి మాట తడబడినా, చెమట ఆగి ఒళ్లు కాలిపోతున్నా నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.